వేర్వేరు నగరాల నెలవారీ సగటు ఉష్ణోగ్రతలు పోల్చడం ఎలా: అంకెలు తీసుకోవడం నుంచి గ్రాఫ్ చదవడం వరకు

ఒక నగరానికి ఏడాది సగటు ఉష్ణోగ్రత 14 డిగ్రీలు, ఇంకో నగరానికి 13 డిగ్రీలు అని చూశారనుకోండి, ఎవరికైనా "రెండూ దాదాపు ఒకటే" అనిపిస్తుంది. ఆ 14 శాన్ ఫ్రాన్సిస్కోది, ఆ 13 బీజింగ్‌ది. జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలో సగటు 11 దగ్గర ఉంటే బీజింగ్‌లో సున్నాకి కింద మైనస్ 3 దగ్గర ఉంటుంది, జులైకి వచ్చేసరికి లెక్క తిరగబడి శాన్ ఫ్రాన్సిస్కో 16 దగ్గరే ఆగిపోతే బీజింగ్ 27కి ఎక్కుతుంది. ఈ రెండు ఊళ్ల వాతావరణానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది, ఏడాది సగటు మాత్రం ఆ తేడాను పూర్తిగా మింగేసింది.

అందుకే పోల్చాలంటే నెలనెలా పోల్చాలి. పన్నెండు అంకెలు పక్కన పన్నెండు అంకెలు పెట్టడమే కదా, ఇందులో ఏముంది అనుకోకండి. చాలామంది తప్పు చేసేది తీసివేతలో కాదు, అంతకు ముందే, అంటే ఏ అంకెలు తెచ్చి పక్కపక్కన పెట్టారన్న దగ్గరే. నేనైతే యూనిట్లు మార్చే దగ్గర బోల్తాపడ్డాను, ఆ సంగతి కింద చెప్తాను. కాబట్టి ఈ గైడ్‌లో సగం పైగా లెక్క మొదలుపెట్టకముందు చేయాల్సిన పనుల గురించే ఉంటుంది, దయచేసి ఆ భాగం దాటేయకండి.

ముందు మీకు ఏం తెలియాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

ఉద్యోగానికో చదువుకో ఊరు మారుతున్నారా, ఏ నెలలో ప్రయాణం పెట్టుకోవాలో చూస్తున్నారా, మొక్కలు పెంచడానికి చూస్తున్నారా, పిల్లల ప్రాజెక్టు కోసమా, ఇంటికి హీటరో ఏసీయో ఎంత కావాలో అంచనా వేయడానికా? ప్రశ్నను బట్టి కావాల్సిన అంకె మారిపోతుంది. మొక్క బతుకుతుందా లేదా అన్నదానికి నెల సగటు కంటే ఆ నెల కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు ముఖ్యం. పగలు బయట తిరగడానికైతే గరిష్ఠాల సగటు కావాలి. ఊరి స్వభావం మొత్తంగా తెలియాలంటే మాత్రం నెల సగటే సరైనది, ఇక్కడ మనం ప్రధానంగా దాని గురించే మాట్లాడుకుంటాం.

"సగటు" అని రాసి ఉన్నవన్నీ ఒకే సగటు కాదు

ఇంటర్నెట్‌లో ఏదైనా నగరం పేజీ తెరిస్తే కనీసం మూడు వరుసలు కనిపిస్తాయి: రోజువారీ గరిష్ఠాల సగటు, రోజువారీ కనిష్ఠాల సగటు, రోజు మొత్తం సగటు. కొన్నిచోట్ల వీటితో పాటు ఆ నెలలో ఎప్పుడో నమోదైన రికార్డు గరిష్ఠం, రికార్డు కనిష్ఠం కూడా ఉంటాయి. ఒక ఊరికి గరిష్ఠాల సగటు, ఇంకో ఊరికి రోజు సగటు తీసుకున్నారంటే, రెండు ఊళ్లూ అచ్చం ఒకేలా ఉన్నా మీ టేబుల్‌లో ఐదారు డిగ్రీల తేడా కనిపిస్తుంది, మీరు అది నిజమనే నమ్ముతారు. రెండిటికీ ఒకే వరుస తీసుకున్నారో లేదో కాలమ్ పేరు చదివి నిర్ధారించుకోండి. పేరు స్పష్టంగా లేకపోతే ఆ టేబుల్ వదిలేసి ఇంకోటి వెతకండి.

ఇంకో మెట్టు లోపలికి వెళ్దాం. రోజు సగటు అన్నదాన్ని కూడా అన్ని దేశాలూ ఒకేలా లెక్కించవు. అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల ఆ రోజు గరిష్ఠం, కనిష్ఠం కలిపి రెండుతో భాగించడం అలవాటు. మరికొన్ని దేశాల్లో రోజంతా గంటగంటకూ, లేదా నిర్ణీత సమయాల్లో తీసుకున్న రీడింగులన్నీ కలిపి సగటు కడతారు. జర్మనీలో చాలాకాలం పాటు పొద్దున 7, మధ్యాహ్నం 2, రాత్రి 9 గంటల రీడింగులు తీసుకుని, రాత్రి రీడింగును రెండుసార్లు కలిపి మొత్తాన్ని నాలుగుతో భాగించేవారు, ఎందుకంటే అర్ధరాత్రి లేచి థర్మామీటర్ చూసే మనిషి ఉండడు కదా, రాత్రి వాటా తగ్గిపోకుండా ఆ ఉపాయం. ఈ పద్ధతుల మధ్య తేడా సాధారణంగా ఒక డిగ్రీ లోపే ఉంటుంది. కాబట్టి రెండు నగరాల మధ్య మీకు వచ్చిన తేడా అర డిగ్రీ అయితే దాని మీద ఏ నిర్ణయమూ కట్టకండి, అది వాతావరణం తేడానో లెక్కకట్టే పద్ధతి తేడానో చెప్పలేం. తేడా ఐదు డిగ్రీలైతే పద్ధతి గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఏ ఏళ్ల సగటో చూడండి

ఒక్క ఏడాది జనవరి చూసి ఆ ఊరి జనవరి ఇంతే అనుకోకూడదు. మాస్కోలో 2020 జనవరి సగటు సున్నా దగ్గర ఉంది, మామూలుగా అయితే మైనస్ 6 దగ్గర ఉండాలి. ఆ ఒక్క ఏడాదినే పట్టుకుని ఉంటే మాస్కో చలి గురించి పూర్తిగా తప్పుడు అభిప్రాయం వచ్చేది.

ఇందుకే వాతావరణ శాస్త్రంలో 30 ఏళ్ల సగటు వాడతారు, దాన్ని క్లైమేట్ నార్మల్ అంటారు. మొదటి ప్రామాణిక కాలం 1901 నుంచి 1930 వరకు అని 1935లో వార్సాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో నిర్ణయించారు. ఇప్పుడు ప్రపంచ వాతావరణ సంస్థ వాడమంటున్నది 1991 నుంచి 2020 వరకు ఉన్న కాలం, పదేళ్లకోసారి దీన్ని ముందుకు జరుపుతారు. వాతావరణ మార్పును కొలవడానికి మాత్రం 1961-1990 కాలాన్ని ఇప్పటికీ ఆధారంగా ఉంచుకున్నారు, అందుకే ఆ పాత టేబుళ్లు కూడా చాలా చోట్ల కనిపిస్తూనే ఉంటాయి.

ఇక్కడ జాగ్రత్త. ఒక నగరానికి 1961-1990, ఇంకో నగరానికి 1991-2020 తీసుకుంటే మధ్యలో భూమి వేడెక్కిన సంగతి కూడా మీ తేడాలో కలిసిపోతుంది. ఇదేమీ చిన్న విషయం కాదు. అదే మాస్కో జనవరి సగటు పాత కాలంలో సుమారు మైనస్ 9, కొత్త కాలంలో సుమారు మైనస్ 6. ఊరు మారలేదు, నెల మారలేదు, ఏళ్లు మాత్రమే మారాయి, మూడు డిగ్రీల తేడా వచ్చింది. కాబట్టి రెండు నగరాలకూ ఒకే 30 ఏళ్లు దొరికే వరకు వెతకండి. దొరక్కపోతే రెండిటికీ ఉమ్మడిగా ఉన్న ఏళ్లు మాత్రమే తీసుకుని, పదేళ్లు దొరికినా సరే, మీరే సగటు కట్టుకోవడం మేలు.

నగరం అంటే ఏ థర్మామీటర్?

నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. నగరానికి ఉష్ణోగ్రత ఉండదు, నగరంలో ఎక్కడో ఒకచోట ఉన్న వాతావరణ కేంద్రానికి ఉంటుంది. తెల్ల రంగు వేసిన చెక్క పెట్టెలో, గాలి ఆడేలా చుట్టూ వాలు పలకలు అమర్చి, ఎండ నేరుగా తగలకుండా, నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో థర్మామీటర్ పెట్టి కొలిచిన గాలి వేడి అది. ఈ పెట్టెను స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు, ఓడలకు దారి చూపే దీపస్తంభాలు (లైట్‌హౌస్‌లు) కట్టిన ఇంజినీరు థామస్ స్టీవెన్సన్ పేరు మీద వచ్చింది. ఇప్పుడు చాలా చోట్ల చెక్క పెట్టె బదులు ప్లాస్టిక్ పళ్లాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే కవచంలో ఎలక్ట్రానిక్ సెన్సర్ ఉంటోంది, కానీ సూత్రం అదే.

ఆ కేంద్రం ఎక్కడుందన్నది అంకెను మార్చేస్తుంది. చాలా నగరాల్లో రికార్డు విమానాశ్రయానిది, అది ఊరి చివర మైదానంలో ఉంటుంది. లండన్ అని రాసిన టేబుళ్లలో చాలావరకు హీత్రో విమానాశ్రయానివే, నడిబొడ్డున సెయింట్ జేమ్స్ పార్క్‌లో ఇంకో కేంద్రం ఉంది. ఊరి మధ్యలో కాంక్రీటు, తారు పగలంతా వేడిని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతాయి, అందుకే నగరం నడిబొడ్డున రాత్రి కనిష్ఠాలు చుట్టుపక్కల పల్లెల కంటే ఎక్కువగా ఉంటాయి. ఈ సంగతిని లండన్‌లో ల్యూక్ హోవార్డ్ అనే ఆయన 19వ శతాబ్దం మొదట్లోనే కొలిచి చూపించాడు, మేఘాలకు క్యుములస్, స్ట్రాటస్ లాంటి పేర్లు పెట్టింది కూడా ఆయనే. కాబట్టి ఒక నగరానికి నడిబొడ్డు కేంద్రం, ఇంకో నగరానికి విమానాశ్రయం తీసుకుంటే పగటి అంకెల్లో పెద్దగా తెలియకపోవచ్చు, రాత్రి అంకెల్లో బాగా తెలుస్తుంది.

ఎత్తు కూడా నోట్ చేసుకోండి. ప్రతి కేంద్రం పేరు పక్కన సముద్ర మట్టం నుంచి ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది. ప్రామాణిక లెక్క ప్రకారం వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. అంటే ఒకే కొండ ప్రాంతంలో రెండు కేంద్రాల మధ్య 300 మీటర్ల ఎత్తు తేడా ఉంటే సుమారు రెండు డిగ్రీలు దానివల్లే వస్తాయి. అయితే ఈ సూత్రాన్ని మరీ దూరం లాగకండి. భూమధ్యరేఖ దగ్గరున్న ఈక్వెడార్ రాజధాని కీటో 2,850 మీటర్ల ఎత్తులో ఉంది, లెక్క ప్రకారం సముద్ర తీరంలో ఉన్న సింగపూర్ కంటే 18 డిగ్రీలకు పైగా చల్లగా ఉండాలి, నిజానికి తేడా 13 డిగ్రీల దగ్గరే, కీటో సగటు 14, 15 మధ్య ఉంటుంది. ఎత్తైన విశాలమైన నేల ఎండకు కాగి తన మీదున్న గాలిని వేడి చేస్తుంది, ఖాళీ ఆకాశంలో అంతే ఎత్తున ఉన్న గాలికి ఆ వసతి లేదు. కాబట్టి చిన్న ఎత్తు తేడాలకు ఈ సూత్రం అందాజాగా పనికొస్తుంది, పీఠభూమి నగరాలకు అంకెలు చూడటమే దారి.

అంకెలు ఎక్కడ తీసుకోవాలి

మొదటి ఎంపిక ఆ దేశపు వాతావరణ శాఖ వెబ్‌సైట్. దాని తర్వాత అమెరికా వాతావరణ సంస్థ నోవా (NOAA) దగ్గర ప్రపంచవ్యాప్తంగా దేశాలు పంపిన 1991-2020 నార్మల్స్ ఒకేచోట ఉంటాయి, జపాన్ వాతావరణ సంస్థ కూడా ప్రపంచ నగరాల నెలవారీ అంకెలు చూపిస్తుంది. మీటియోస్టాట్ అనే సైటులో కేంద్రాన్ని ఎంచుకుని ఫైల్ దించుకోవచ్చు. వికీపీడియాలోని వాతావరణ పట్టికలు కూడా వాడుకోవచ్చు, కానీ పట్టిక పైన బ్రాకెట్లలో ఏ కేంద్రం, ఏ ఏళ్లు అని రాసి ఉంటుంది చూడండి, అది చదవకుండా అంకెలు ఎత్తుకోకండి.

ఏ కేంద్రం పేరూ చెప్పకుండా ప్రపంచంలోని ఏ పల్లెకైనా పన్నెండు నెలల సగటు చూపించే సైట్లు కొన్ని ఉన్నాయి. ఆ అంకెలు చాలావరకు థర్మామీటర్‌వి కావు, కంప్యూటర్ మోడల్‌వి. ఉదాహరణకు యూరప్‌వాళ్ల ఈఆర్ఏ5 అనే డేటా 1940 నుంచి ప్రపంచం మొత్తానికీ గంటగంటకూ ఉంది, చాలా విలువైన డేటా, కానీ అది భూమిని సుమారు 31 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో విలువ ఇస్తుంది. తీరం పక్క ఊరైతే ఆ గడిలో సగం సముద్రమే ఉండొచ్చు, లోయలో ఊరైతే గడి సగటు ఎత్తు ఊరి ఎత్తుకంటే చాలా ఎక్కువ ఉండొచ్చు. రెండు నగరాలకూ ఇదే డేటా వాడితే ఫర్వాలేదు, పద్ధతి సమానంగా ఉంటుంది. ఒకదానికి థర్మామీటర్, ఇంకోదానికి మోడల్ పెట్టి ఒకే గాటన కట్టడం మాత్రం వద్దు.

మీరే రోజువారీ రీడింగుల నుంచి సగటు కడుతుంటే, ఖాళీ రోజులు లెక్కపెట్టండి. నెలలో వరసగా ఐదారు రోజులు లేకపోతే ఆ ఏడాది ఆ నెలను పక్కన పెట్టేయండి, సున్నాలు నింపొద్దు. సున్నా అంటే "లేదు" అని కాదు, సున్నా డిగ్రీలు అని, ఎక్సెల్ దాన్ని నిజమైన చలిగానే తీసుకుంటుంది.

టేబుల్ వేయండి, యూనిట్లు ఒకటి చేయండి

ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ తెరిచి మొదటి కాలమ్‌లో నెలలు, తర్వాత ఒక్కో నగరానికి ఒక్కో కాలమ్ పెట్టండి. నగరం పేరు కింద ఇంకో మూడు అడ్డువరుసలు వదిలి కేంద్రం పేరు, ఎత్తు, ఏళ్లు రాయండి. అమెరికా అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి, 32 తీసేసి, 5తో గుణించి, 9తో భాగిస్తే సెల్సియస్ వస్తుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జులై సగటు 77.5 ఫారెన్‌హీట్, అంటే 25.3 సెల్సియస్.

నేను బోల్తాపడింది ఇక్కడే. ఒక స్నేహితురాలు ఊరు మారుతుంటే ఆమెకు రెండు నగరాల టేబుల్ చేసి ఇచ్చాను. రెండు నగరాలూ ఫారెన్‌హీట్‌లో ఉన్నాయి కదా అని ముందు తీసివేత చేసేసి, వచ్చిన తేడాను సెల్సియస్‌లోకి మార్చాను. జనవరిలో తేడా 18 ఫారెన్‌హీట్ డిగ్రీలు వచ్చింది, మామూలు అలవాటుగా అందులోంచి 32 తీసేశాను, మైనస్ 7.8 వచ్చింది. అంటే పది డిగ్రీలు వెచ్చగా ఉండాల్సిన ఊరు నా టేబుల్‌లో దాదాపు ఎనిమిది డిగ్రీలు చల్లగా కనిపించింది. ఆమె దాన్ని నమ్మి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాక, ఎందుకో అనుమానం వచ్చి వెనక్కి వెళ్లి చూస్తే అప్పుడు దొరికింది. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. ఉష్ణోగ్రతను మార్చేటప్పుడు 32 తీసేయాలి, ఉష్ణోగ్రతల తేడాను మార్చేటప్పుడు 32 ఊసే ఎత్తకూడదు, కేవలం 5తో గుణించి 9తో భాగించాలి. 18 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా అంటే 10 డిగ్రీల సెల్సియస్ తేడా. అసలు ఈ గొడవే లేకుండా ఉండాలంటే ముందు అన్ని అంకెలూ సెల్సియస్‌లోకి మార్చి, ఆ తర్వాతే తీసివేత చేయండి.

ఇప్పుడు తీసివేత

లండన్, మాస్కో తీసుకుందాం. 1991-2020 అంకెలు సుమారుగా, దశాంశాలు లేకుండా:

లండన్, జనవరి నుంచి డిసెంబర్ వరకు: 6, 6, 8, 10, 14, 17, 19, 19, 16, 12, 8, 6

మాస్కో: మైనస్ 6, మైనస్ 6, మైనస్ 1, 7, 14, 17, 20, 18, 12, 6, మైనస్ 1, మైనస్ 4

లండన్ నుంచి మాస్కో తీసేస్తే: 12, 12, 9, 3, 0, 0, మైనస్ 1, 1, 4, 6, 9, 10

ఆఖరి వరుస ఒకసారి నెమ్మదిగా చదవండి. మే నుంచి ఆగస్టు వరకు ఈ రెండు నగరాలకూ తేడా లేనట్టే, జులైలో మాస్కోయే ఒక డిగ్రీ ఎక్కువ. చలికాలంలో మాత్రం 12 డిగ్రీలు. ఏడాది సగటులు చూస్తే లండన్ 11.8, మాస్కో 6.3, తేడా ఐదున్నర అంటుంది, కానీ ఏ నెలలోనూ ఐదున్నర తేడా లేదు, అక్టోబర్‌లో 6 ఒక్కటే దానికి దగ్గర. మీరు జూన్‌లో వెళ్లేవారైతే తేడా సున్నా, జనవరిలో వెళ్లేవారైతే పన్నెండు. ఐదున్నర అనే అంకె ఎవరికీ పనికిరాదు.

రెండు నగరాలు మొత్తం మీద ఎంత భిన్నమో ఒక్క అంకెలో కావాలంటే, పన్నెండు తేడాల మీదున్న మైనస్ గుర్తులు తీసేసి కలిపి పన్నెండుతో భాగించండి. పై ఉదాహరణలో మొత్తం 67, సగటు 5.6. ఇక్కడ ఒక్క నెలే మైనస్ కాబట్టి పెద్ద మార్పు లేదు. మొదట్లో చెప్పిన శాన్ ఫ్రాన్సిస్కో, బీజింగ్ జంటకు మాత్రం ఇది తప్పనిసరి, ఎందుకంటే జనవరిలో 14 డిగ్రీల తేడా ఒకవైపు, జులైలో 11 డిగ్రీల తేడా ఇంకోవైపు ఉండి, గుర్తులతో కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఏడాది సగటు మోసం చేసేది సరిగ్గా ఇలాగే.

ఇంకో రెండు అంకెలు ప్రతి నగరం కిందా రాయండి: అత్యంత వేడి నెలకూ అత్యంత చల్లని నెలకూ మధ్య తేడా ఎంత, ఆ నెలలు ఏవి. సింగపూర్‌లో ఆ తేడా రెండు డిగ్రీల దగ్గరే, సైబీరియాలోని వెర్ఖోయాన్స్క్‌లో జనవరి మైనస్ 45 దగ్గర, జులై 16 దగ్గర, అంటే సుమారు అరవై డిగ్రీలు. ఊరి స్వభావం చెప్పడానికి ఈ ఒక్క అంకె ఏడాది సగటు కంటే చాలా నయం.

గ్రాఫ్ గీసి వంపు చూడండి

లైన్ చార్టు వేయండి, బార్లు వద్దు, నగరాలు మూడు దాటితే బార్లు గందరగోళంగా ఉంటాయి. నిలువు స్కేలు అన్ని నగరాలకూ ఒకటే ఉండాలి. ఒక్కో నగరానికి వేరే చార్టు వేస్తే సాఫ్ట్‌వేర్ తనంతట తానే స్కేలు మార్చేస్తుంది, అప్పుడు సింగపూర్ రెండు డిగ్రీల గీత కూడా కొండలా కనిపిస్తుంది. స్కేలు మీరే చేత్తో పెట్టండి.

గీతలు వచ్చాక శిఖరం ఎక్కడుందో చూడండి. ఉత్తరార్ధగోళంలో పొడవైన పగలు జూన్ 21 దగ్గర వస్తుంది, కానీ నేల వేడెక్కడానికి టైం పడుతుంది కాబట్టి ఖండం లోపలి నగరాల్లో శిఖరం జులైలో ఉంటుంది. సముద్రం ఇంకా నెమ్మది, అందుకే తీర నగరాల్లో కొన్నిటికి ఆగస్టు. శాన్ ఫ్రాన్సిస్కోలో అయితే వేడి నెల సెప్టెంబర్, ఎండాకాలం మధ్యలో చల్లని సముద్ర ప్రవాహం మీంచి పొగమంచు ఊరి మీదకు వచ్చి కూర్చుంటుంది, అది విడిచాకే ఊరు వెచ్చబడుతుంది. ఢిల్లీలో దీనికి తలకిందులు, మే, జూన్‌లలో శిఖరం వచ్చేసి, జులైలో మేఘాలూ వర్షాలూ రాగానే దిగుతుంది. శిఖరం మామూలు కంటే ముందో వెనకో ఉందంటే అక్కడ సముద్రమో మేఘమో పనిచేస్తోందని అర్థం, ఏదో వెతికి తెలుసుకోండి.

ఒకే అక్షాంశం మీదున్న నగరాలు ఒకేలా ఉంటాయనుకోవద్దు. ఫ్రాన్స్‌లోని మార్సెయ్, రష్యా తూర్పు కొసన ఉన్న వ్లాదివొస్తోక్ రెండూ 43 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి, రెండూ ఓడరేవులే. జనవరి సగటు మార్సెయ్‌లో ప్లస్ 7, వ్లాదివొస్తోక్‌లో మైనస్ 12. ఒకదానికి పక్కన మధ్యధరా సముద్రపు వెచ్చని నీళ్లు, ఇంకోదాని మీదకు చలికాలమంతా సైబీరియా లోపలి నుంచి వీచే ఎండుగాలి. పక్కన సముద్రం ఉండటం ఒక్కటే చాలదు, గాలి ఎటునుంచి వస్తోందో కూడా చూడాలి.

దక్షిణార్ధగోళపు నగరం ఉంటే ఇంకో గ్రాఫ్ కూడా గీయండి. సిడ్నీలో జనవరి 23 దగ్గర, జులై 13 దగ్గర ఉంటుంది. ఏ నెలలో ప్రయాణం అన్న ప్రశ్నకైతే క్యాలెండర్ నెలలు అలాగే ఉంచాలి. ఏ ఊరి ఎండాకాలం ఎక్కువ వేడి అన్న ప్రశ్నకైతే సిడ్నీ అంకెలను ఆరు నెలలు జరపాలి, జనవరిని జులై కింద పెట్టాలి. రెండు ప్రశ్నలనూ ఒకే గ్రాఫ్‌తో తేల్చాలని చూస్తే ఏదీ తేలదు.

సగటు చెప్పనిది పక్కన రాసుకోండి

పగలు 28, రాత్రి 12 ఉన్న ఊరికీ, పగలు 22, రాత్రి 18 ఉన్న ఊరికీ సగటు 20 డిగ్రీలే. మొదటిది పొడి నేల మీది ఊరు అయి ఉంటుంది, రెండోది సముద్రం పక్కది. అందుకే నెల సగటుతో పాటు గరిష్ఠాల సగటు, కనిష్ఠాల సగటు కూడా మీ షీట్‌లో ఉండాలి, ఆ రెండిటి మధ్య దూరం ఎంతో కనబడాలి.

తేమ సంగతి వేరే. 27 డిగ్రీల పొడి గాలిలో చెమట ఆరుతుంది, 27 డిగ్రీల తడి గాలిలో ఆరదు, ఒళ్లంతా ఉక్కపోత. దీనికి సాపేక్ష తేమ శాతం కంటే డ్యూ పాయింట్ (గాలి ఎంతకి చల్లబడితే అందులోని ఆవిరి మంచుబిందువులుగా మారడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత) చూడటం మంచిది, ఎందుకంటే శాతం రోజులో గంటగంటకూ మారుతుంది. నెల సగటు డ్యూ పాయింట్ 24 దగ్గర ఉందంటే రాత్రిళ్లు కూడా ఉక్కగానే ఉంటుంది, 10 లోపు ఉంటే గాలి పొడిగా హాయిగా ఉంటుంది. ఇది దొరికితే ఇంకో కాలమ్‌గా కలపండి.

తీవ్రతలు కూడా సగటులో కనబడవు. వెర్ఖోయాన్స్క్‌లో 2020 జూన్ 20న 38 డిగ్రీలు నమోదైంది, ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఇదే రికార్డు అని ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించింది. అక్కడి జూన్ సగటు చూసి ఎవరూ ఆ అంకె ఊహించలేరు. ఆరోగ్యం బాగాలేనివారికోసం, ముసలివాళ్లకోసం, చిన్నపిల్లలకోసం చూస్తున్నారంటే రికార్డు వరుస తప్పకుండా చూడండి.

నగరాలు ఐదు దాటితే

లైన్ చార్టు చిక్కుముడి అయిపోతుంది. అప్పుడు నగరాలు అడ్డువరుసలుగా, నెలలు నిలువు కాలమ్‌లుగా తిప్పి, షీట్‌లో కండిషనల్ ఫార్మాటింగ్‌తో చల్లని అంకెలకు నీలం, వేడి అంకెలకు ఎరుపు వేయండి. వరుసలను అక్షరక్రమంలో కాకుండా అత్యంత చల్లని నెల విలువను బట్టి పేర్చండి. ఒకేలాంటి ఊళ్లు పక్కపక్కకు వచ్చేస్తాయి. గుంపులు చేయాలంటే కొప్పెన్ అనే శాస్త్రవేత్త వాడిన హద్దులు అక్కరకొస్తాయి: అత్యంత చల్లని నెల కూడా 18 దాటితే ఉష్ణమండల ఊరు, అత్యంత వేడి నెల కూడా 10 చేరకపోతే చెట్లు పెరగని చలి ప్రాంతం, వేడి నెల 22 దాటితే ఎండాకాలం గట్టిగా ఉన్నట్టు. ఎడారులను విడిగా చూడాలి, వాటికి ఆయన వాన లెక్క కూడా కలిపాడు.

ఎవరికైనా పంపేముందు రెండు అంకెలు ఎంచుకుని వాటి అసలు పేజీ తెరిచి మళ్లీ సరిచూడండి, ఒకటి జనవరిది, ఒకటి జులైది. మైనస్ గుర్తులు కాపీ చేసేటప్పుడు ఎగిరిపోవడం చాలా మామూలు, కొన్ని సైట్లలో మైనస్ బదులు పొడుగు గీత ఉంటుంది, ఎక్సెల్ దాన్ని అంకెగా కాక అక్షరంగా తీసుకుని సగటులోంచి వదిలేస్తుంది, మాస్కో ఒక్కసారిగా వెచ్చని ఊరైపోతుంది. సెల్‌లో అంకె కుడివైపు కాకుండా ఎడమవైపు అతుక్కుని ఉంటే అదే గుర్తు. ఆ సెల్ చెరిపేసి మైనస్‌ను కీబోర్డు మీద మీరే కొట్టండి, తర్వాత కేంద్రం పేరు, ఎత్తు, ఏళ్లు రాసిన ఆ మూడు వరుసలతో సహా ఫైల్ పంపండి.